ఫోటో తీసుకురండి, పేర్లు చెప్పగల పెద్దవాళ్లనూ తీసుకురండి

బందరు బడుల్లో చదివినవారికీ, చదువు చెప్పినవారికీ, వారి బిడ్డలకూ విన్నపం



మన బందరులో డచ్చివాళ్ల సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి ఓడలెక్కి వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్లవి. రాతి మీద చెక్కిన ఆ పేర్లు ఇప్పటికీ చదువుకోవచ్చు. మూడొందల ఏళ్ల కిందటి పరదేశి వర్తకుడి పేరు మన ఊళ్లో నిలిచి ఉంది. మన నాన్నకు లెక్కలు నేర్పిన మాస్టారి పేరేమిటని అడిగితే మాత్రం ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. గోడకున్న గ్రూపు ఫోటోలో నాన్నను గుర్తుపడతాం. నాన్న పక్కన నిలబడ్డ పిల్లవాడు ఎవరో మనకు తెలియదు. తెలిసిన నాన్నను అడుగుదామంటే చాలా ఇళ్లలో నాన్న లేరు.

ఈ కరపత్రం అందుకే వేశాం.

బందరుకు బడి కొత్త కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ ఇక్కడ ఇంగ్లీషు బడి తెరిచారు. నోబుల్ కాలేజీ దాని నుంచి వచ్చిందే. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు పూనుకుని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. పుస్తకం పట్టిన చెయ్యే పనిముట్టు కూడా పట్టాలన్నది వారి పట్టుదల. జాతీయ జెండాకు నమూనా రూపొందించిన పింగళి వెంకయ్య గారు అక్కడ పాఠాలు చెప్పారు. ప్రమోద్ కుమార్ చటర్జీ గారు బెంగాల్ నుంచి వచ్చి బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు గారు తరవాత ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు. హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు. బందరులో ఆయన శిష్యులైనవారిలో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం గార్లు ఉన్నారు. తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చిన విశ్వనాథ ఈ ఊరి బడిలో కూర్చుని చదువుకున్నారు. ఆడపిల్లల కోసం లేడీ యాంప్తిల్ పేరున హైస్కూలు వచ్చింది. మద్రాసు గవర్నరు భార్య పేరు అది. మన ఆడబిడ్డలు ఆ గడప దాటి లోపలికి వెళ్లాక టీచర్లయ్యారు, నర్సులయ్యారు, గుమాస్తాలయ్యారు, ఇంటికి మొదటి సంతకం అయ్యారు.

పైన చెప్పిన పెద్దల గురించి పుస్తకాలున్నాయి, విగ్రహాలున్నాయి, జయంతులు జరుగుతున్నాయి. మా బెంగ వాళ్ల గురించి కాదు. పుస్తకానికి ఎక్కనివాళ్ల గురించి. ఎండలో నిలబడి ఈల ఊదిన డ్రిల్లు మాస్టారు. బోర్డు మీద ఒక్క గీతలో కొంగను గీసి చూపించిన డ్రాయింగు మాస్టారు. గంట కొట్టి, కుండలో నీళ్లు నింపి, దెబ్బ తగిలిన పిల్లను ఇంటిదాకా దిగబెట్టి వచ్చిన అటెండరు. చదువుకునే వయసులో విధవరాలై, పంతులమ్మగా మారి ముప్ఫై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఆవిడ. హెడ్మాస్టరు గారి పేరు చెక్కబల్ల మీద తెల్ల రంగుతో రాసి ఉంటుంది. వీళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? మీ ఇంట్లో బీరువా మీద పెట్టెలో ఉన్న ఫోటోలో వాళ్ల ముఖాలున్నాయి. వాళ్ల పేర్లు మీ అమ్మమ్మ నోట్లో ఉన్నాయి. ఈ రెండూ ఒకచోట కలవాలి. మేం అడుగుతున్నది అంతే.

మన ఊరికి ఇంకో తొందర ఉంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టుపక్కల ముప్ఫై వేలమంది దాకా పోయారని చరిత్ర చెబుతోంది. నోబుల్ గారి బడికి అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కళ్లారా చూసినవారు మనలో ఇంకా ఉన్నారు. 1990 మే తుపాను మనలో చాలామందికి నిన్నటి మాట. మనుషులు కొట్టుకుపోయిన రోజున కాగితాల గురించి ఎవరూ ఏడవరు, ఏడవకూడదు కూడా. కానీ సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లం, ఒక్క ప్రతిని ఒక్క పెట్టెలో పెట్టి నిశ్చింతగా ఉండకూడదన్న సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఉప్పెన రాకపోయినా తేమ రోజూ వస్తూనే ఉంది. పాత నలుపు తెలుపు ఫోటోలో బొమ్మను మోసేది కాగితం మీద పూసిన సన్నటి జిగురు పొర. అందులో ఉన్న వెండి రేణువులే మన తాతల ముఖాలు. వానాకాలంలో ఆ పొర తేమ పీల్చి ఉబ్బుతుంది, ఫ్రేము అద్దానికి అంటుకుపోతుంది. బూజు దాన్ని తింటుంది. అద్దానికి అంటుకున్న ఫోటోను దయచేసి లాగవద్దు. లాగితే ముఖం అద్దం మీద, కాగితం చేతిలో మిగులుతాయి. ఉన్నది ఉన్నట్టుగా, ఫ్రేముతో సహా తీసుకురండి. అద్దం మీంచే కాపీ తీయవచ్చు.

రంగుల ఫోటోల సంగతి ఇంకా తొందరపడాల్సింది. 1980ల నాటి వీడ్కోలు ఫోటోలు ఒకసారి తీసి చూడండి. చెట్లూ, చొక్కాలూ, ఆకాశం అన్నీ ఎర్రబారి ఉంటాయి. వెలుగు తగలకుండా చీకట్లో దాచినా ఆ రంగులు వెలిసిపోతాయి. తాత ఫోటోకన్నా మనవడి ఫోటో ముందు పోతుంది. అందుకని మా నాన్నది పాతది, నాది కొత్తదే కదా అని మీ ఫోటో ఇంట్లో వదిలి రాకండి.

ఫోటోలే కాదు. పదో తరగతి చివరి రోజున ఒకరికొకరు రాసుకున్న ఆటోగ్రాఫ్ పుస్తకం, ప్రోగ్రెస్ కార్డు, వార్షికోత్సవం ఆహ్వానం, నాటకంలో వేషాల జాబితా, పిల్లలు చేత్తో రాసి కుట్టిన లిఖిత పత్రిక, స్కౌట్ల కండువా, ఎన్‌సీసీ బ్యాడ్జి, కబడ్డీలో గెలిచిన షీల్డు, బడిగంటగా వేలాడిన రైలు పట్టా ముక్క, ఇవన్నీ బడి చరిత్రే. బోర్డు హైస్కూలు అని అచ్చువేసిన టీసీ ఎవరి దగ్గరైనా ఉందా? 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక జిల్లా బోర్డు బడులన్నీ జిల్లా పరిషత్ బడులయ్యాయి. సిక్స్తు ఫారం పోయింది, పదకొండో తరగతి వచ్చింది, అదీ పోయి పదో తరగతే ఆఖరయింది. ఆ మార్పులన్నీ ఏ జీవోలో ఉన్నాయో వెతకవచ్చు. కానీ ఫారాల నుంచి తరగతులకు మారిన ఏడు పిల్లలు ఏ పుస్తకాలు పట్టుకుని ఏ గదిలో కూర్చున్నారన్నది మీ పెట్టెలోని కాగితమే చెప్పాలి.

బళ్లకు కొత్త గదులు వస్తున్నాయి, కొత్త రంగులు వేస్తున్నారు. 2019లో మొదలైన నాడు-నేడు పనులతో రాష్ట్రంలో ఎన్నో బడుల రూపు మారింది. పిల్లలకు మంచి మరుగుదొడ్డి, మంచి బల్ల రావాలి. అందులో మాకు రెండో మాట లేదు. మా మనవి ఒక్కటే. రంగు వేయడానికి గోడ మీంచి దించిన ఫోటోను, చెక్కబల్లను, పాత రిజిస్టరును విరిగిన కుర్చీలతో కలిపి గుట్టగా పడేయకండి. ఒక గదిలో, నేలకు ఎత్తుగా, కిటికీకి దూరంగా ఒక్క ఇనుప బీరువా కేటాయించండి. మేడ ఉన్న బడిలో మేడమీద పెట్టండి. మన ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మనకు తెలుసు.

హెడ్మాస్టర్లకు ప్రత్యేకంగా ఒక మాట. అడ్మిషన్ రిజిస్టరు బడి ఆస్తి, ప్రభుత్వ రికార్డు. దాన్ని బయటికి ఇమ్మని ఎవరు అడిగినా ఇవ్వకండి, మేం అడిగినా సరే. మీ ఎదుటే, మీ గదిలోనే పేజీలు ఫోటో తీసుకోనివ్వండి. అందులో పిల్లల కులం, పుట్టుమచ్చలు, తండ్రి చేసే పని కూడా రాసి ఉంటాయి. అవి గోడమీద పెట్టేవి కావు, వాట్సాప్‌లో తిప్పేవి అసలే కావు. ప్రదర్శనకు పేరు, ఏడు, ఊరు చాలు. అయితే ఆ పేజీలను మొత్తంగా భద్రపరచడం అవసరం. ఏ పేటల పిల్లలు ఏ ఏడు మొదటిసారి బడి మెట్లెక్కారో, ఆడపిల్లల పేర్లు ఎప్పుడు మొదలయ్యాయో, ఎంతమంది నడుమలో మానేశారో చెప్పే సాక్ష్యం ఊరు మొత్తానికి అదొక్కటే. గ్రూపు ఫోటో ఆ సంగతి చెప్పదు. ఫోటోకు డబ్బులు కట్టలేక, వేసుకోవడానికి మంచి చొక్కా లేక ఆ రోజు బడికి రాని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. వాళ్లు ఫోటోలో లేరు, రిజిస్టరులో ఉన్నారు. చరిత్ర రాసుకుంటే వాళ్లతో కలిపి రాసుకోవాలి.

ఇక పేర్ల సంగతి. మేం అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే.

పేర్లు లేని ఫోటో వందేళ్లు భద్రంగా ఉన్నా మూగదే. కాబట్టి ఫోటో తెచ్చేటప్పుడు అందులో ఉన్న మనిషినో, వాళ్ల తోటివాళ్లనో వెంట తీసుకురండి. నడవలేకపోతే చెప్పండి, మేమే మీ ఇంటికి వస్తాం. ఫోటో మీద పలచటి ట్రేసింగ్ కాగితం పరిచి, తలల ఆకారాలు ఒత్తకుండా గీసి, ఒక్కో తలకు ఒక్కో అంకె వేసి, ఆ అంకెల పక్కన పేర్లు రాద్దాం. అసలు ఫోటో మీద ఏమీ రాయొద్దు. వెనక రాయాల్సివస్తే అంచున, మెత్తటి పెన్సిలుతో మెల్లిగా రాయండి. బాల్ పెన్ను ఒత్తితే గీత ముందువైపు ముఖం మీదికి దిగుతుంది. లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. పెద్దావిడ ఒక పేరు చెబుతూ పది సంగతులు చెబుతుంది. ఆమెను ఆపకండి. ఫోను పక్కన పెట్టి మాట మొత్తం రికార్డు చేయండి.

ఆడపిల్లల పేరు రాసేటప్పుడు పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండూ రాయండి. ఒక్కటే రాస్తే బడి రిజిస్టరులో ఉన్న పిల్లా, ఇప్పుడు మన మధ్య ఉన్న బామ్మా ఒకరేనని కలపడం కష్టం. తరగతిలో పిలుచుకున్న ముద్దుపేరు ఉంటే అదీ చెప్పండి. "లెక్కల మాస్టారు" అని మాత్రమే గుర్తుంటే అలాగే రాయిద్దాం, అసలు పేరు ఇంకొకరు చెబుతారు. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన రాద్దాం. ఊహించి ఒక్క పేరూ రాయొద్దు.

హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, అమెరికాలోనూ ఉన్న బందరు బిడ్డలారా! మీ పెట్టెల్లోనూ ఈ ఫోటోలున్నాయి. అసలు పంపనక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. స్కానరు మీద అంగుళానికి ఆరువందల చుక్కల చొప్పున కాపీ తీయండి. ముందువైపూ వెనకవైపూ తీయండి. స్టూడియో ముద్ర, తేదీ వెనకే ఉంటాయి. అంచులు కత్తిరించకండి. ముఖాలు నునుపు చేసే, నలుపు తెలుపుకు రంగులద్దే యాప్‌లలో పెట్టకండి. మాకు మాస్టారి ముఖం కావాలి, మాస్టారిలాంటి ముఖం కాదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఒక కాపీ బందరులో, ఒకటి విజయవాడలో, ఒకటి సముద్రానికి దూరంగా మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఏ తుపానూ మూడింటినీ ఒకసారి తీసుకుపోలేదు.

ఈ ఊళ్లో పాత స్టూడియోలు నడిపిన కుటుంబాలకు చేతులెత్తి దణ్ణం పెట్టి అడుగుతున్నాం. మీ తాతలు నల్లగుడ్డ కప్పుకుని తీసిన గాజు పలకలు, నెగెటివ్ రీళ్లు అటక మీద ఉంటే పాత సామానుకు వేయకండి. ఊళ్లో ప్రతి ఇంటిదీ పోయినా ఆ నెగెటివ్ ఒక్కటి ఉంటే మళ్లీ ఫోటో వస్తుంది. కాపీ ఖర్చు మేం పెట్టుకుంటాం. ఎక్కడ చూపించినా మీ స్టూడియో పేరు కింద రాస్తాం.

ఏం చేయాలంటే: ప్రతి నెలా రెండో శనివారం బడికి సెలవు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటి నుంచి మీరు చదివిన బడి వరండాలో, హెడ్మాస్టరు గారి అనుమతితో, ఆ బడి పూర్వ విద్యార్థులు ఇద్దరు బల్ల వేసుకుని కూర్చోండి. ఒక ఫోను, ఒక పుస్తకం, ట్రేసింగ్ కాగితాలు ఉంటే చాలు. తెచ్చిన వస్తువును కాపీ తీసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. ఎవరి వస్తువునూ ఉంచేసుకోవద్దు. ఇష్టపడి బడికే ఇస్తామన్నవారికి హెడ్మాస్టరు గారి సంతకంతో రసీదు ఇప్పించండి. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. పేర్లు రాసే పని వాళ్లది. దస్తూరి బాగుంటుంది, కళ్లు బాగా కనబడతాయి, పైగా తాము కూర్చునే బల్లమీద ఇంతకుముందు ఎవరు కూర్చున్నారో వాళ్ల చేత్తోనే రాసుకుంటారు.

పెద్దవాళ్లు ఉన్న ఇళ్లవారు ముందుగా వచ్చే రెండో శనివారమే రండి. ఆటో ఖర్చుకు వెనకాడేవారు కబురు చేయండి, మేం వస్తాం. ఈ కాగితం చదివాక పారేయకుండా పక్కింటివారికి ఇవ్వండి.

ఇట్లు,
బందరు బడుల పూర్వ విద్యార్థులు, విశ్రాంత ఉపాధ్యాయులు
మచిలీపట్నం