టైటానియం కోసం తోట తనఖా పెట్టాలా?



నిమ్మాడ దగ్గర హైవే మీద బండి జారినా, ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీదనుంచి పడినా, ఎముక విరిగిందనగానే ఇంటివారు అడిగేది ఒకటే: "స్టీలు వేస్తారా, టైటానియం వేస్తారా?" డబ్బు లేనివారు స్టీలు చాలని తలవంచుకుని చెబుతారు. కొందరు జీడితోట తనఖా పెట్టయినా టైటానియమే వేయమంటారు. చేయి, కాలు విరిగిన చాలామందికి ఆ అప్పు అక్కరలేదని నా అభిప్రాయం.

స్టీలు అంటే మనకు సముద్రపు గాలికి పొలుసులు రాలే కిటికీ చువ్వ గుర్తొస్తుంది. రక్తం కూడా ఉప్పునే కాబట్టి ఆ భయం సహజమే. కాని ఒంట్లో వేసే స్టీలు వేరు. అందులో నూటికి 17 నుంచి 19 వంతులు క్రోమియం, 13 నుంచి 15 వంతులు నికెల్, రెండు మూడు వంతులు మాలిబ్డినం ఉంటాయి. క్రోమియం వల్ల పైన కంటికి కనపడని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. టైటానియం మీది పొర ఇంకా గట్టిది, గీత పడినా వెంటనే మళ్లీ కడుతుంది. ఇక్కడ మాత్రం టైటానియానిదే పైచేయి.

బలంలో మంచి స్టీలు ప్లేటు ఏమంత తీసిపోదు. తేడా బిగుసుతనంలో ఉంది. ఎముకది 15–20 గిగాపాస్కల్స్ అనుకుంటే టైటానియం మిశ్రమానిది సుమారు 110, స్టీలుది సుమారు 190. బిగుసైన ప్లేటు బరువంతా తానే మోస్తే ఎముక బద్ధకిస్తుంది. అందుకే పిల్లల తొడ ఎముకకు వంగే టైటానియం కడ్డీలు వాడతారు. నికెల్ పడనివారికి, వెన్నెముకలో మరలు వేసి తర్వాత ఎమ్మారై తీయాల్సినవారికి కూడా టైటానియం మేలు. స్టీలు ఉన్నా ఎమ్మారై సాధారణంగా తీయవచ్చు గాని, ఆ చుట్టుపక్కల బొమ్మ చెదురుతుంది.

ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1962లో తుంటి కీలు మార్చినప్పుడు వాడిన కాడ స్టీలుదే. అలాంటి కీళ్లు కొన్ని ఇరవై ముప్పై ఏళ్లు నడిచాయి. మరి టైటానియం ధర ఎందుకంత? దాని ఖనిజం ఇల్మనైటు మన జిల్లాలోనే, శ్రీకూర్మం తీరపు ఇసుకలో ఉంది. ఆ ఖనిజాన్ని లోహంగా మార్చడమే ఖర్చు. ఇంకొకటి, ఎముక అతికాక టైటానియం ప్లేటు తీయబోతే మరలు పట్టేసి ఒక్కోసారి తిప్పలు పెడతాయి.

ఏ లోహమైనా ఎముకను అతికించదు. అది అతికేదాకా పట్టి ఉంచుతుంది, అంతే. అతికించే పని దేవుడు ఎముకలోనే పెట్టాడు. అతుకు పడకముందే కాలు మోపి నడిస్తే ఏ ప్లేటయినా అలసి విరుగుతుంది. చుట్టయినా అడ్డపొగయినా అతుకును ఆలస్యం చేస్తుంది. లోహం గురించి ఇన్ని ప్రశ్నలు వేసేవారు ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందన్న సంగతి చెప్పడం మరచిపోతారు. మన ప్రాంతంలో మొదట చెప్పాల్సింది అదే. నొప్పి బిళ్లలు కొన్ని కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి.

డాక్టరుగారిని "ఏది మంచిది?" అని కాక "మా విరుగుడుకు స్టీలు ఎందుకు చాలదు?" అని అడగండి. ప్లేటు ఒక లోహం, మరలు ఇంకొక లోహం కాకుండా చూడమనండి. ప్లేటు డబ్బా మీది స్టిక్కరు డిశ్చార్జి కాగితానికి అంటించి ఇవ్వమని అడిగి, ఎక్స్‌రేలతో పాటు దాచుకోండి. పదేళ్ల తర్వాత ఎమ్మారై తీసేవారు మొదట అడిగేది ఆ కాగితాన్నే.