గ్యారేజీ గోడలకు ఫోమ్ అంటించకండి

పక్కింటివాళ్లు గొడవపడుతున్నారని, పిల్లల డ్రమ్స్ ప్రాక్టీసు కోసం గ్యారేజీ గోడలకు ఫోమ్ పలకలు అంటించాలనుకుంటున్న ప్రతి ఇంటికీ ఈ మాట వెంటనే చేరాలి. ఆ ఫోమ్ శబ్దాన్ని బయటికి పోకుండా ఆపదు. నిప్పంటుకుంటే మాత్రం లోపలున్నవాళ్లకు బయటపడే వ్యవధి ఇవ్వదు.

2003 ఫిబ్రవరి 20 రాత్రి అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, వెస్ట్ వార్విక్‌లో ‘స్టేషన్’ నైట్‌క్లబ్బులో జరిగింది అదే. చుట్టుపక్కలవాళ్లు మోత భరించలేకపోతున్నామని ఫిర్యాదు చేస్తే, యజమానులు వేదిక దగ్గరి గోడలకు పాలీయురెథేన్ ఫోమ్ అంటించారు. ఆ రాత్రి పాట మొదలవుతూనే కాల్చిన బాణసంచా రవ్వలు దానికి తగిలాయి. 100 మంది చనిపోయారు. తర్వాత అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ అలాంటి వేదికనే కట్టి, నిప్పంటించి చూసింది. నిమిషన్నర తిరిగేసరికి ఆ గదిలో మనిషి బతికే వీల్లేకుండా పోయింది. 2013 జనవరి 27న బ్రెజిల్‌లోని శాంటా మరియాలో, కిస్ నైట్‌క్లబ్బులో కాలిందీ ఇలాంటి ఫోమే. 242 మంది పోయారు. అక్కడ ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. పాలీయురెథేన్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వెలువడుతుంది.

మా గ్యారేజీలో బాణసంచా ఎవరు కాలుస్తారని తీసిపారేయకండి. మన గ్యారేజీల్లో ఏముంటాయో ఒక్కసారి చూడండి: పెట్రోలు నిండిన బైకు, ఛార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు, ఇన్వర్టరు బ్యాటరీ, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించిన ఆంప్లిఫయర్లన్నీ. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేస్తే, పొగ పై అంతస్తుల్లోని లాడ్జిదాకా ఎక్కి 8 మందిని బలి తీసుకుంది. గ్యారేజీ పైన పడకగది ఉన్న ఇళ్లెన్ని లేవు! అలాంటి చోట గోడల నిండా స్పాంజి పరచడమంటే కొరివితో తల గోక్కోవడమే.

ఇంత ప్రమాదం కొనితెచ్చుకున్నా దక్కేదేమిటి? ఫోమ్ చేసే పని గదిలో ప్రతిధ్వని తగ్గించడం, అంతే. లోపల వినడానికి బాగుంటుంది గనక పని జరిగినట్టే అనిపిస్తుంది, కానీ వీధిలో నిలబడి వింటే బేస్ డ్రమ్ దెబ్బ దాదాపు మునుపటిలాగే వినిపిస్తుంది. గుడ్ల అట్టలు అతికించినా ఇదే కథ, పైగా అవి కాగితం. శబ్దాన్ని ఆపేది బరువు, సందులు లేకపోవడం. రెండువైపులా సిమెంటు పూసిన 9 అంగుళాల ఇటుక గోడ ఆ పని ఇప్పటికే బాగా చేస్తోంది. శబ్దం కారిపోతున్నది పల్చటి రేకు షట్టరు నుంచి, వెంటిలేటర్ల నుంచి, తలుపు కింది సందు నుంచి. డబ్బు పెట్టాల్సింది అక్కడ. షట్టరు వెనక రెండు పొరల జిప్సం బోర్డుతో, మధ్యలో రాక్‌వూల్ నింపి, విడిగా ఒక గోడ కట్టించండి. రాక్‌వూల్ రాతి నుంచి తీసిన పీచు, మండదు.

అయితే సందులన్నీ మూసేశాక ఇంకో గండం మొదలవుతుంది. గాలి ఆడదు. కరెంటు పోయిందని ఆ గదిలోగానీ దాని పక్కనగానీ జనరేటరు నడిపితే, కారు ఇంజను ఆన్‌లో ఉంచితే, కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. అమెరికాలో గ్యారేజీని ఇలా మార్చుకుంటున్న మన కుటుంబాలు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది, దానికి గాలి అందాల్సిందే. ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడ మంటను కాసేపు ఆపేలా కట్టినది. వైర్ల కోసం దానికి చిల్లులు పెట్టకండి.

షట్టరు మూసేస్తే బయటికి పోయే దారి ఒక్కటే మిగిలే గదిలో నలుగురు పిల్లలను కూర్చోబెట్టకండి. రెండో తలుపు పెట్టించండి. అది లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. పొగను, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారాలు బిగించండి.

చెవుల సంగతీ చెప్పాలి. 100 డెసిబెళ్ల మోతను పావుగంటకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. చిన్న గదిలో డ్రమ్స్ ఆ స్థాయిని తేలిగ్గా దాటుతాయి. ఇయర్‌ప్లగ్గులు లేకుండా పిల్లలను వాయించనివ్వకండి.

మన నివాస ప్రాంతాల్లో శబ్దానికి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెళ్లు పరిమితి. పక్కింటివాళ్లతో కూర్చుని సాయంత్రం ఒక గంట కుదుర్చుకోండి. గోడ కట్టించేలోపు ఎలక్ట్రానిక్ డ్రమ్స్, హెడ్‌ఫోన్లతో సరిపెట్టుకోవచ్చు.

ఇప్పటికే ఫోమ్ అంటించి ఉంటే, అది నిప్పుకు తట్టుకుంటుందని అమ్మినవాళ్లు నోటిమాటగా చెప్పింది నమ్మకండి. పరీక్ష ధ్రువపత్రం అడగండి. లేదంటే ఆ పలకలు ఈ వారంలోనే పీకించేయండి. అప్పటిదాకా ఆ గదిలో ప్రాక్టీసు ఆపేయండి.