యాపిల్ టీవీ, గూగుల్ టీవీ, జియో టీవీ.. పేర్లు ఒకేలా ఉన్నా వస్తువులు వేరు: డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి?

'మా ఇంట్లో యాపిల్ టీవీ ఉంది' అని ఎవరైనా అంటే దాని అర్థం ఏమిటి? అరచేతిలో పట్టే నల్ల పెట్టె కొన్నారనా? నెలనెలా డబ్బు కట్టి సిరీస్‌లు చూస్తున్నారనా? లేక ఫోన్‌లో ఆ పేరుతో ఒక యాప్ ఉందనా? ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. ఎందుకంటే ఇప్పుడు మూడింటి పేరూ ఒకటే.

ఇది ఒక్క యాపిల్ సంగతే కాదు. గూగుల్ టీవీ వేరు, యూట్యూబ్ టీవీ వేరు. ప్రైమ్ వేరు, ప్రైమ్ వీడియో వేరు. జియో టీవీ, జియో టీవీ ప్లస్, జియోహాట్‌స్టార్.. మూడూ మూడు రకాలు. చివరకు ప్రసార భారతి తెచ్చిన 'వేవ్స్' పేరు కూడా రెండు చోట్ల వినిపిస్తోంది.

ఈ గందరగోళంలో చిల్లు పడేది మన జేబుకే. అవసరం లేని స్టిక్ కొంటాం. రీఛార్జ్ ప్యాక్‌లో ఇప్పటికే ఉన్న ఓటీటీకి మళ్లీ విడిగా డబ్బు కడతాం. యాప్ తీసేశాం కదా అని నిశ్చింతగా ఉంటే, ప్రతి నెలా ఖాతాలోంచి సొమ్ము పోతూనే ఉంటుంది. అందుకే ఏ పేరు దేనికి చెందిందో ఒకసారి విడదీసి చూద్దాం.

ముందు నాలుగు అంచెలు తెలుసుకోవాలి

టీవీ తెర మీద ఒక సినిమా కనిపించాలంటే నాలుగు అంచెలు దాటాలి.

మొదటిది పరికరం. అంటే స్మార్ట్ టీవీ, టీవీకి గుచ్చే స్టిక్, పక్కన పెట్టే బాక్స్. దీనికి డబ్బు ఒకసారే కడతాం.

రెండోది ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్. టీవీ ఆన్ చేయగానే వరుసగా బొమ్మలు కనిపించే హోమ్ స్క్రీన్ దీని పనే. దీనికి విడిగా నెలవారీ రుసుము ఉండదు.

మూడోది యాప్. దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవడం సాధారణంగా ఉచితమే.

నాలుగోది సబ్‌స్క్రిప్షన్. నెలకో, మూడు నెలలకో, ఏడాదికో కట్టాల్సింది దీనికే.

ప్రొజెక్టర్ కొన్నంత మాత్రాన సినిమా రీలు వెంట రాదు. అలాగే పరికరం కొన్నంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ వచ్చినట్టు కాదు. సబ్‌స్క్రిప్షన్ కట్టినంత మాత్రాన ఫలానా పరికరమే కొనాలనీ లేదు. కంపెనీలు ఈ నాలుగు అంచెలకూ ఒకే పేరు పెట్టడం వల్లే చిక్కు వస్తోంది.

యాపిల్ టీవీ: ఒకే పేరు, మూడు రూపాలు

యాపిల్ టీవీ పేరుతో పరికరం 2007లోనే వచ్చింది. ఇప్పుడు అమ్ముతున్నది యాపిల్ టీవీ 4కే. 2022లో వచ్చిన మోడల్ ధర మన దేశంలో రూ.14,900 నుంచి మొదలైంది. పేరులో టీవీ ఉన్నా దీనికి తెర ఉండదు. మీ టీవీకి తగిలించుకోవాల్సిన బాక్స్ ఇది.

2019 నవంబర్ 1న యాపిల్ సొంత సిరీస్‌లు, సినిమాలతో 'యాపిల్ టీవీ ప్లస్' అనే సబ్‌స్క్రిప్షన్ మొదలైంది. భారత్‌లో ప్రారంభ ధర నెలకు రూ.99. పేరు చివర ప్లస్ ఉన్నంతకాలం కనీసం ఆ తేడా అయినా కనిపించేది. 2025 అక్టోబర్‌లో కంపెనీ ఆ ప్లస్‌ను తీసేసింది. ఇప్పుడు పరికరమూ యాపిల్ టీవీయే, యాపూ యాపిల్ టీవీయే, సబ్‌స్క్రిప్షనూ యాపిల్ టీవీయే.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. యాపిల్ సిరీస్‌లు చూడటానికి ఆ బాక్స్ కొనక్కర్లేదు. యాపిల్ టీవీ యాప్ చాలా శాంసంగ్, ఎల్‌జీ, సోనీ టీవీల్లో, ఫైర్ టీవీ స్టిక్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా దొరుకుతుంది.

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ, యూట్యూబ్ టీవీ

కొత్త టీవీ ఆన్ చేయగానే 'గూగుల్ టీవీ' అని కనిపిస్తే అదేదో కొత్త ఓటీటీ అనుకోవద్దు. అది రెండో అంచె, అంటే సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ టీవీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద గూగుల్ 2020లో తొడిగిన కొత్త హోమ్ స్క్రీన్ అది. దానికి నెలవారీ చందా ఏమీ లేదు. అందులో కనిపించే సినిమాలు వేరే వేరే యాప్‌లవి. ఏ సినిమా మీద నొక్కితే ఆ యాప్‌కు సబ్‌స్క్రిప్షన్ ఉండాలి.

ఫోన్‌లో కూడా గూగుల్ టీవీ పేరుతో ఒక యాప్ ఉంటుంది. ఒకప్పటి 'గూగుల్ ప్లే మూవీస్ అండ్ టీవీ'యే ఈ పేరు మార్చుకుంది. రిమోట్ పోతే ఫోన్‌నే రిమోట్‌గా వాడుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఇక యూట్యూబ్ టీవీ. అమెరికాలో ఉన్న బంధువులు 'మేం కేబుల్ తీసేసి యూట్యూబ్ టీవీ పెట్టుకున్నాం' అని చెబుతుంటారు. అది 2017లో మొదలైన లైవ్ చానళ్ల సర్వీసు. అమెరికాలో మాత్రమే ఉంది. 2025 జనవరి నుంచి మూల ప్యాకేజీ నెలకు 82.99 డాలర్లు. మన టీవీలో కనిపించేది మామూలు యూట్యూబ్ యాప్. మన దగ్గర నెలకు రూ.149 కట్టి తీసుకునేది యూట్యూబ్ ప్రీమియం. దానితో యూట్యూబ్ వీడియోల మధ్య ప్రకటనలు పోతాయి. టీవీ చానళ్లు మాత్రం రావు.

ప్రైమ్, ప్రైమ్ వీడియో, ఫైర్ టీవీ

అమెజాన్ ప్రైమ్ అనేది సభ్యత్వం. త్వరగా డెలివరీ వంటి షాపింగ్ సౌకర్యాలు, ప్రైమ్ వీడియో అందులో భాగం. ప్రైమ్ వీడియో అనేది ఓటీటీ. ఫైర్ టీవీ స్టిక్ అనేది పరికరం. స్టిక్ కొంటే ప్రైమ్ సభ్యత్వం దానంతటదే రాదు. అలాగే ప్రైమ్ సభ్యత్వం లేకపోయినా, అమెజాన్ ఖాతా ఉంటే చాలు, స్టిక్ పనిచేస్తుంది. అందులో నెట్‌ఫ్లిక్స్, జియోహాట్‌స్టార్, ఆహా వంటివి వాడుకోవచ్చు.

చాలామంది పొరబడే విషయం మరొకటి ఉంది. ప్రైమ్ వీడియోలో కనిపించేదంతా ప్రైమ్ సభ్యులకు ఉచితం కాదు. కొన్ని సినిమాలకు అద్దె కట్టాలి. కొన్ని యాడ్ ఆన్ చానళ్లకు విడిగా సబ్‌స్క్రిప్షన్ ఉంటుంది. పిల్లల చేతిలో రిమోట్ ఉంటే అద్దె బటన్ నొక్కేయడం క్షణం పని. సెట్టింగ్స్‌లో కొనుగోళ్లకు పిన్ పెట్టుకోవడం మంచిది.

2025 జూన్ 17 నుంచి మన దేశంలో ప్రైమ్ వీడియోలో ప్రకటనలు కూడా వస్తున్నాయి. అవి వద్దనుకుంటే ఏడాదికి రూ.699 లేదా నెలకు రూ.129 అదనంగా కట్టాలని కంపెనీ అప్పట్లో ప్రకటించింది. ఇది కాక అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ ఉంది. అమెజాన్ మినీ టీవీ, ఎంఎక్స్ ప్లేయర్ 2024లో కలిసి ఏర్పడిన ఉచిత సర్వీసు ఇది. దీనికి ప్రైమ్ అక్కర్లేదు.

జియో పేరుతో ఏవేవి ఉన్నాయి?

జియో టీవీ: జియో మొబైల్ కస్టమర్లు ఫోన్‌లో లైవ్ చానళ్లు చూసే యాప్.

జియో టీవీ ప్లస్: జియో ఫైబర్, ఎయిర్ ఫైబర్ కస్టమర్ల కోసం టీవీలో పనిచేసే యాప్. చానళ్లను, ఓటీటీలను ఒకచోట చూపిస్తుంది.

జియోహాట్‌స్టార్: జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి 2025 ఫిబ్రవరి 14న ఏర్పడిన ఓటీటీ. దీనికి జియో సిమ్ ఉండాల్సిన పని లేదు. ఏ నెట్‌వర్క్ వాళ్లయినా తీసుకోవచ్చు. అదే సమయంలో, జియో సిమ్ ఉన్నంత మాత్రాన ఇది ఉచితంగా రాదు. మీ రీఛార్జ్ ప్లాన్‌లో ఆ పేరు ఉంటేనే వస్తుంది.

జియో టెలీ ఓఎస్: టీవీలను నడిపే సాఫ్ట్‌వేర్. 2025 ఫిబ్రవరిలోనే వచ్చింది. ఇది చానల్ కాదు, ఓటీటీ కాదు.

ఇలాంటి జంట పేర్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. సన్ డైరెక్ట్ అంటే ఇంటిపైన డిష్ పెట్టుకునే డీటీహెచ్. సన్ నెక్స్ట్ అంటే ఇంటర్నెట్‌తో నడిచే ఓటీటీ. టాటా స్కై 2022లో టాటా ప్లేగా మారింది. అదే పేరుతో డీటీహెచ్ ఉంది, బింజ్ అనే ఓటీటీ ప్యాకేజీ ఉంది, ఫైబర్ ఇంటర్నెట్ కూడా ఉంది. ఎయిర్‌టెల్ ఎక్స్‌ట్రీమ్ ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ అయితే, ఎక్స్‌ట్రీమ్ ప్లే ఓటీటీల యాప్. ఈటీవీ విన్‌లో సినిమాలు, సీరియళ్లు చూస్తాం. ఈటీవీ భారత్‌లో వార్తలు చదువుతాం.

ప్రభుత్వ సర్వీసుల్లోనూ ఇదే తికమక

'వేవ్స్' అనేది ప్రసార భారతి ఓటీటీ. 2024 నవంబర్ 20న గోవాలో, భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం సందర్భంగా ప్రారంభమైంది. 60కి పైగా లైవ్ చానళ్లతో, తెలుగుతో కలిపి పలు భాషల్లో వస్తుందని అప్పుడు ప్రకటించారు. 2025 మే 1 నుంచి 4 వరకు ముంబయిలో కేంద్రం నిర్వహించిన వినోద రంగ సదస్సు పేరు కూడా 'వేవ్స్' కావడంతో, వెతికేటప్పుడు రెండూ కలిసిపోతున్నాయి. యాప్ స్టోర్‌లో దించుకునేముందు తయారీదారు పేరు ప్రసార భారతి అని ఉందో లేదో చూడండి.

డీడీ ఫ్రీ డిష్ మరొకటి. ఇది ఓటీటీ కాదు, ఇంటర్నెట్‌తో పనే లేదు. 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన డీటీహెచ్ ఇది. డిష్‌కు, సెట్‌టాప్ బాక్స్‌కు ఒకసారి ఖర్చు పెడితే చాలు. నెలవారీ రుసుము లేదు. 'ఫ్రీ డిష్ రీఛార్జ్' పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

తెలంగాణలో టీ ఫైబర్ అంటే ఇళ్లకు ఇంటర్నెట్ చేర్చే ఫైబర్ నెట్‌వర్క్. టీ శాట్ అంటే ఒకప్పటి మన టీవీ. పోటీ పరీక్షలకు, చదువుకు సంబంధించిన పాఠాలను ఉచితంగా ప్రసారం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ ఒకే కనెక్షన్ మీద ఇంటర్నెట్, ఫోన్, టీవీ చానళ్లు ఇస్తుంది. అందులో చానళ్లు వస్తున్నాయంటే ఓటీటీలన్నీ వస్తున్నట్టు కాదు. మీ ప్యాకేజీలో ఏమున్నాయో ఆపరేటర్‌ను అడగండి.

'ఆండ్రాయిడ్ బాక్స్' అంటే ఆండ్రాయిడ్ టీవీ కాదు

పేర్ల పోలికతో ఎక్కువ ప్రమాదం ఇక్కడే ఉంది. ఆన్‌లైన్‌లో, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చవకగా దొరికే పేరులేని 'ఆండ్రాయిడ్ బాక్స్'లలో చాలావాటికి గూగుల్ ధ్రువీకరణ ఉండదు. 'అన్ని చానళ్లు ఫ్రీ' అని అమ్ముతుంటారు. నెట్‌ఫ్లిక్స్ వంటివి వాటిలో సరిగా పనిచేయకపోవచ్చు, చేసినా హెచ్‌డీ రాకపోవచ్చు.

అంతకంటే పెద్ద సమస్య భద్రత. కొన్ని పెట్టెల్లో తయారీలోనే హానికర సాఫ్ట్‌వేర్ చొప్పిస్తున్నారని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. 'బ్యాడ్‌బాక్స్ 2.0' అనే ఈ ముఠాపై గూగుల్ మరుసటి నెలలో కోర్టుకెక్కింది. కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయని పేర్కొంది. అలాంటి పెట్టె మీ వైఫైలో ఉంటే, మీ ఇంటి ఇంటర్నెట్ మీకు తెలియకుండానే నేరగాళ్ల పనులకు దారి అవుతుంది. ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ ఉన్న పరికరమే కొనండి.

కంపెనీలు ఒకే పేరు ఎందుకు పెడుతున్నాయి?

టీవీ ఆన్ చేయగానే కనిపించే మొదటి తెర ఇప్పుడు వ్యాపారపరంగా చాలా విలువైన చోటు. అక్కడ ఎవరి పేరు ఉంటే, ఏ సినిమా ముందు కనిపించాలో వారే నిర్ణయిస్తారు. పరికరం, యాప్, సబ్‌స్క్రిప్షన్‌కు ఒకే పేరుంటే ఒకటి కొన్నవారిని రెండోదాని వైపు మళ్లించడం తేలిక. కంపెనీకి అది బ్రాండ్ బలం. దేనికి డబ్బు కడుతున్నామో స్పష్టత లేకపోవడం మాత్రం వినియోగదారుడి నష్టం.

డబ్బు కట్టేముందు, మానేసేటప్పుడు

కొనేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది పరికరమా, సబ్‌స్క్రిప్షనా? మీ మొబైల్ రీఛార్జ్‌లో లేదా బ్రాడ్‌బ్యాండ్ ప్యాక్‌లో ఇది ఇప్పటికే ఉందా? టీవీలో పనిచేస్తుందా, ఫోన్‌కే పరిమితమా? (ఉదాహరణకు నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ ఫోన్, ట్యాబ్‌లలో మాత్రమే వస్తుంది.) గడువు తర్వాత దానంతటదే రెన్యువల్ అవుతుందా?

యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. ఎక్కడ కొన్నారో అక్కడే రద్దు చేయాలి. గూగుల్ ప్లే ద్వారా కొంటే ప్లే స్టోర్‌లో, ఐఫోన్ ద్వారా కొంటే యాపిల్ ఖాతాలో, నేరుగా కొంటే ఆ ఓటీటీ సైట్‌లో. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లలోని ఆటోపే విభాగంలో కూడా దాన్ని ఆపొచ్చు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు నుంచి ఆటోమేటిక్‌గా సొమ్ము తీసేందుకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ మెసేజ్‌ను చూడకుండా తోసేయొద్దు.

తేలిగ్గా చేర్చుకుని, రద్దును మాత్రం కష్టతరం చేయడాన్ని 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించిన 13 మోసపూరిత పద్ధతుల్లో ఇదొకటి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

టీవీ తెర మీద యాక్టివేషన్ కోడ్ కనిపించినప్పుడు, తెర మీద చూపిన చిరునామాలోకే వెళ్లండి. గూగుల్‌లో 'కస్టమర్ కేర్' నంబర్ వెతికి ఫోన్ చేయొద్దు. పరికరాన్ని యాక్టివేట్ చేయడానికి రుసుము కట్టమంటే అవతల ఉన్నది మోసగాడే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.