తొండికీ ఓ దుకాణం

వీడియో గేముల్లో తొండి చేసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. ఖమ్మంలో చాలాకాలం నెట్ సెంటర్ నడిపినవాణ్ని కాబట్టి ధైర్యంగానే అంటున్నాను. జీటీఏ వైస్ సిటీ ఆడే పిల్లలు చీట్ కోడ్ల కాగితం నా దగ్గరే జిరాక్సు తీయించుకునేవాళ్లు. ‘పాంజర్’ అని కొడితే ట్యాంకు ఊడిపడేది. ‘లీవ్ మీ ఎలోన్’ అని కొడితే వెంటపడే పోలీసులు మాయం. ఆ కోడ్లు పెట్టింది ఆట తయారుచేసినవాళ్లే. అవతల ఓడిపోయే మనిషే లేనప్పుడు ఎవరికి నష్టం?

అదే పిల్లలు ఒకరిమీద ఒకరు ఆడే కౌంటర్ స్ట్రయిక్‌కు కూర్చుంటే లెక్క మారేది. పక్కవాడి స్క్రీన్‌లోకి తొంగిచూస్తే చాలు, ‘అన్నా, వీడు తొండి!’ అని సెంటరంతా గోల. నేను లేచి వెళ్లి సీటు మార్పించేవాణ్ని. పంచాయితీ అక్కడితో సరి.

ఇప్పుడు ఆట ఫోన్లోకి వచ్చింది. బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో ఒక మ్యాచ్‌కు వందమంది దాకా దిగుతారు, ఎవరి మొహం ఎవరికీ తెలీదు. ఎయిమ్‌బాట్ పెట్టుకున్నవాడి తుపాకీ దానంతటదే తలకు గురిపెడుతుంది. మనిషి చెయ్యి అంత కచ్చితంగా తిరగదు కాబట్టి వాడు త్వరగానే దొరుకుతాడు. వాల్‌హ్యాక్‌వాడు అంత సులువుగా దొరకడు. ఆట సాగాలంటే శత్రువు ఎక్కడున్నాడో ఫోన్‌కు ముందే అందాలి. మన కంటికి చూపించకుండా దాచిన ఆ సమాచారాన్నే వాల్‌హ్యాక్ బయటికి లాగుతుంది. ఎదుటివాడి ముక్కలు అద్దంలో చూసుకుంటూ రమ్మీ ఆడటమే ఇది. గడుసువాడైతే అనుమానం రాకుండా అప్పుడప్పుడూ కావాలనే ఓడిపోతాడు. ఇంకొకడు ఖాతాను వేరేవాడి చేతికిచ్చి, డబ్బుతో అన్నిటికన్నా పైదైన కాంకరర్ ర్యాంకు తెచ్చుకుంటాడు.

పెద్ద పోటీలకూ ఈ తొండి పాకింది. 2018లో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రయిక్ పోటీలో ఒక భారతీయ ఆటగాడి కంప్యూటర్లో ‘వర్డ్’ పేరుతో దాచిన హ్యాక్ మ్యాచ్ మధ్యలోనే బయటపడింది. అతనికి అయిదేళ్ల నిషేధం పడింది. జట్టును పోటీ నుంచి తీసేశారు, ఆ తర్వాత యాజమాన్యం జట్టునే రద్దుచేసింది. ఒకడి తొండికి మిగతా నలుగురూ రోడ్డున పడ్డారు.

శిక్షంతా ఆడేవాడికే. మరి అమ్మేవాడికి? హ్యాకులు రోజుకింత, నెలకింత అని టెలిగ్రామ్‌లో చందా లెక్కన దొరుకుతున్నాయి. ఖాతా మూసేస్తే కుర్రాడు ఇంకోటి తెరిచి, మళ్లీ అక్కడే కొంటాడు. అమ్మేవాడికి ఆ నిషేధం కూడా బేరమే. దక్షిణ కొరియా 2016లోనే చట్టం సవరించి, ఇలాంటి ప్రోగ్రాములు పంచినా, పంచడానికి తయారుచేసినా జైలన్నది. మనం 2025లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చుకుని, డబ్బు పందేల ఆటలను నిషేధించాం, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చాం. గుర్తింపు ఇచ్చిన ఆటను కాపాడాల్సిన పూచీ కూడా మనదే. హ్యాకులు అమ్మడం నేరమని సూటిగా చెప్పే సెక్షన్ కావాలి. పదిహేనేళ్ల పిల్లాడి ఖాతా మూసి చేతులు దులుపుకుంటే చాలదు, వాడికి సరుకు అమ్మినవాడి మీద కేసు పెట్టాలి.