కుదుపును మింగే నూనె

పిల్లలూ! మా పెనుగొండ చుట్టుపట్ల నేల బంకమన్ను. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. అందుచేత పైన ఎంత తారు పోసినా రోడ్డుకు ఎగుడుదిగుళ్లు తప్పవు. పైగా చాలాచోట్ల పక్కనే కాలువ!

మొన్న నా పాత శిష్యుడొకడు 2 టన్నులకు పైబడిన తన పెద్ద కారులో నన్ను సిద్ధాంతం దాకా తీసుకుపోయినాడు. గుంటలెన్నో దాటాము, నా కళ్లజోడు చెదరలేదు. చిన్నతనంలో ఎడ్లబండి మీద యిదే దారిన వెళితే రెండు రోజులు నడుము నొప్పి!

స్ప్రింగుల మహిమ అంటారేమో. అది సగమే నిజం. జట్కాలకూ కమానుకట్టలు ఉండేవి. స్ప్రింగు కుదుపును మింగదు. దాచుకొని తిరిగి యిచ్చేస్తుంది. అదొక్కటే ఉంటే ఒక్క గుంటకు బండి ఎన్నోసార్లు ఊగుతుంది. ఊగేటప్పుడు చక్రం నేలను సరిగా పట్టదు. నేలను పట్టని చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం? పక్కన కాలువ ఉన్నదని మరవకండి.

ఆ ఊపును ఆపేది నూనె. పిచికారీలో నీళ్లు నింపి మెల్లగా నొక్కండి, సులువుగా పోతాయి. ఒక్కసారిగా నొక్కండి; చేతికి ఎదురుతిరుగుతుంది. షాక్ అబ్జార్బరులో (మన మెకానిక్కుల మాటలో ‘షాకబ్జరు’) జరిగేది యిదే. గొట్టంలో నూనె, అందులో సన్న రంధ్రాలున్న ముషలకం. చక్రం ఎగిరినప్పుడల్లా నూనె ఆ రంధ్రాలలోంచి దూరాలి. ఆ రాపిడికి ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది.

1955లో ఫ్రాన్సువారు సిట్రోయెన్ డి.ఎస్. కారులో ఉక్కు స్ప్రింగులకు బదులు గుండ్రని బుడ్లలో నత్రజని వాయువును బంధించి, నూనెతో దాన్ని నొక్కించారు. వాయువే స్ప్రింగు! జనం ఎక్కి కారు కుంగితే పంపు మరికొంత నూనె తోసి మళ్లీ పైకెత్తేది.

ఎత్తయిన కార్లకు మరో చిక్కు ఉన్నది. మలుపులో వరిగడ్డి బండిలాగా పక్కకు ఒరుగుతాయి. ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను ఉక్కు కడ్డీతో కలుపుతారు. కాని గతుకుల్లో ఆ కడ్డీయే ఒక చక్రాన్ని విడిగా దిగనీయదు. టయోటా ల్యాండ్ క్రూయిజర్లు కొన్నింటిలో ముందు కడ్డీకి, వెనుక కడ్డీకి నూనె గొట్టాలు అమర్చి రెంటినీ కలిపారు. మలుపులో రెండు కడ్డీలూ ఒకేవైపు మెలిపడతాయి. నూనెకు పోయే దారి ఉండదు, కడ్డీ బిగుస్తుంది. గతుకుల్లో ఒకటి ఇటు, ఒకటి అటు మెలిపడతాయి. నూనె ఒకచోటి నుంచి మరోచోటికి పారి కడ్డీ వదులవుతుంది. ఏ మరా తిప్పనక్కరలేదు!

ఆగి ఉన్న కారు మూల ఒకటి పెద్దలచేత గట్టిగా అదిమించి, వదలమనండి. ఒకటి రెండు ఊపులకే ఆగితే సరే. అలాగే ఊగుతూ ఉన్నా, షాకబ్జరు మీద నూనె జిడ్డు కనబడినా నాన్నగారిని ఆ రోజే మెకానిక్కు దగ్గరకు పంపండి.