అన్న మాట, విన్న మాట

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లకు నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే సుమారు ఇరవై సంవత్సరాల క్రిందట, ఒకనాటి ఉదయం వీధి కుళాయి దగ్గర పొరుగింటి కోడలు నాతో ఒక మాట అన్నది: "మాయేర్ అభిమాన్ హొయేఛే." అప్పటికి నాకు వచ్చిన బెంగాలీ బహు స్వల్పం. అయినా ఈ వాక్యంలో తెలియనిదేమున్నది? అత్తగారికి అభిమానం కలిగిందట. నా మీదనే కాబోలు! పొంగిపోయాను. ఆ సాయంత్రమే గిన్నెడు పరమాన్నం పంపించాను. శుభ్రంగా కడిగిన గిన్నె మరునాడు ఖాళీగా తిరిగి వచ్చింది. ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా పంపడం మా వైపు ఆచారం కాదు. వారి పద్ధతి వేరేమో అనుకుని ఊరుకున్నాను.

రెండు నెలల తరువాత, అనువాదం పనిమీద నిఘంటువు తిరగవేస్తూ ఉండగా ఆ మాట కంటబడింది. బెంగాలీలో అభిమానమంటే ప్రేమ కాదు, అలాగని కోపమూ కాదు. మనసుకు దగ్గరైనవారు మనను పట్టించుకోలేదని కలిగే నొప్పి అది. పరాయివారిమీద అది రాదు. ఆంగ్ల సాహిత్యం చదువుకుని, ఆ భాషనుంచి తెలుగు చేయడమే వృత్తిగా పెట్టుకున్న నాకు, ఈ మాటకు సరితూగే ఇంగ్లీషు పదం ఈనాటికీ దొరకలేదు. తెలుగులో "అలక" కొంత దగ్గర. కాని అలకలో ఉన్న ముద్దు ఇందులో లేదు.

ఒకే సంస్కృత పదం రెండు ఇళ్లకు కోడలుగా వెళ్లి రెండు స్వభావాలు అలవరచుకున్నట్లుంటుంది. వారి "ఉపన్యాస్" నవల, మన ఉపన్యాసం సభలో కూర్చుని వినవలసినది. వారి "రాగ్" కోపం, మన రాగం పాటలోనిది. వారి "శిక్షా" చదువు, మన శిక్ష దండన. (ఈ చివరి రెంటికీ భేదమేమీ లేదని మా అబ్బాయి వాదన.) తెలియని మాట అంత ప్రమాదకరం కాదు. దానికి అర్థమేమిటని అడుగుతాము. తెలిసినదనుకున్న మాటను ఎవరు అడుగుతారు?

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులనుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఇక్కడి వర్క్‌షాపులకూ, యార్డుకూ వచ్చి స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి నిర్ణయించింది కూడా. ఇన్ని తరాల సహవాసం ఉన్న ఊరిలోనే నేను ఆ పొరపాటు చేశాను.

అసలు జరిగినదేమిటంటే, మా అమ్మాయి అన్నప్రాశనకు కుంకుమభరిణ పట్టుకుని మా వరుసలోని ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. ఆ ఒక్క గుమ్మం మాత్రం దాటిపోయాను. మాసీమా (ఆ పెద్దావిడను అందరూ అలాగే పిలిచేవారు) భర్త పోయి, తెల్లచీర కట్టుకునే మనిషి. భరిణతో ఎదుట నిలబడితే ఆమె మనసు కష్టపడుతుందని నా భయం. మా వారిచేత కబురు పంపించాను. ఆమె కిటికీలోనుంచి అంతా చూసింది. నేను చూపిన మర్యాద అటువైపుకు వెలివేతగా చేరింది.

1948లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితవేత్త సమాచార ప్రసారానికి ఒక సిద్ధాంతం చేశాడు. పంపేవాడు, మార్గం, మధ్యలో చొరబడే రొద, అందుకునేవాడు. పంపినది పంపినట్లు చేరడమే అక్కడి సమస్య. మాటకు అర్థమేమిటన్నది ఇంజనీరుకు సంబంధించిన విషయం కాదని ఆయన ముందే చెప్పివేశాడు. కుళాయి దగ్గర నాకు చేరిన వాక్యంలో ఒక్క అక్షరమైనా పొల్లుపోలేదు. షానన్ లెక్కలో అది సంపూర్ణ విజయమే!

రైల్వేవారు ఇంకొంచెం అనుమానపు మనుషులు. గేటు వేయమని స్టేషన్ మాస్టరు టెలిఫోనులో చెబితే, గేట్‌మన్ "సరే" అంటే చాలదు. గేటు వేసి, తన దగ్గరి అచ్చుకాగితంలోనుంచి ఒక ప్రైవేటు నంబరు చెప్పాలి. వాడిన నంబరును కొట్టివేయాలి. విన్నాను అనడం వేరు, విన్నదానిని చేశాను అనడం వేరు. మా వారు ఈ పద్ధతిని ఇంట్లో కూడా అమలు జరపబోయారు గాని, సాగలేదు.

అంత జాగ్రత్త కూడా ఒకనాడు చాలలేదు. 2023 జూన్ 2 సాయంత్రం, మా స్టేషన్ దాటి చెన్నై వైపు వెళ్లిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు బాలాసోర్ దగ్గరి బహానగా బజార్‌లో ఆకుపచ్చ సిగ్నల్ పడింది. నేరుగా మెయిన్ లైనులో పొమ్మని దాని అర్థం. పట్టాలు మాత్రం లూప్ లైనుకు మళ్లి ఉన్నాయి. అక్కడ ఇనుప ఖనిజంతో గూడ్సు బండి నిలిచి ఉంది. డ్రైవరు దీపాన్ని నమ్మాడు. నమ్మడమే అతని విధి. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ తీగల మార్పులో జరిగిన తప్పు కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. 2022 మేలో ఇదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్‌లో తీగల తప్పువల్లనే ఇటువంటి ఘటన జరిగిందనీ, అప్పుడే సరిదిద్దుకుని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదనీ ఆ నివేదికలో ఉంది. దీపం చెప్పిన అబద్ధం కంటె, ముందటి సంవత్సరమే వచ్చిన హెచ్చరిక ఎవరికీ వినబడకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

నిఘంటువు మూసి నేను పొరుగింటికి వెళ్లాను, భరిణ లేకుండానే. "మీకు కోపమా?" అని అడగలేదు. జరిగినదంతా వచ్చీరాని బెంగాలీలో ఆమెకే అప్పగించాను: ఇంటింటికీ వెళ్లాను, మీ గుమ్మం దాటిపోయాను, మీరు చూశారు, ఫలానా భయంచేత అలా చేశాను.

మాసీమా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బొట్టు నాకెందుకు బౌమా? తలుపు తట్టలేకపోయావా?" అన్నది. లోపలికి వెళ్లి, కొబ్బరి లడ్డూలు నాలుగు తెచ్చి నా కొంగులో పోసింది.

"ఇవి ఆ రోజు గిన్నెలోవి" అన్నది.