పాత సిమ్‌ను నమ్ముకుంటే ఎలా?



ఊరెళ్లొచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట చెప్తున్నారు: "చిల్లర ఎవరూ అడగట్లేదన్నా, అంతా ఫోన్లోనే." నిజమే. యూపీఐ 2016లో మొదలైంది. ఆ నవంబర్‌లో పెద్దనోట్ల రద్దు జనాన్ని ఫోన్ వైపు నెట్టింది. కానీ అది అలవాటుగా నిలబడ్డానికి కారణం వేరే. ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా క్షణాల్లో వెళ్తుంది. పది రూపాయలు పంపినా అదనంగా పైసా పట్టుకోరు. టీకొట్టాయన మెషీన్ కొనక్కర్లేదు, ఒక క్యూఆర్ కాగితం అంటిస్తే చాలు.

మరి మన సంగతి? ఇక్కడికొచ్చే ముందు పెట్టుకున్న యాప్‌నే, పాత ఇండియా నంబర్‌తో చాలామందిమి లాక్కొస్తున్నాం. ఆ సిమ్ సూట్‌కేసు అడుగునో, నాన్న పాత ఫోన్లోనో ఉంటుంది. చాలాకాలం రీచార్జ్ చేయకపోతే నంబర్ పోతుంది, తర్వాత వేరొకరికి ఇచ్చేస్తారు. ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ ఆసుపత్రి కౌంటర్ దగ్గర అమ్మ. ఓటీపీ రాదు. ఖాతాలో డబ్బుండీ లేనట్టే.

పైగా ఎన్నారై అయ్యాక ఊళ్లోని మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలన్నది నిబంధన. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదుగా" అని వదిలేయకండి.

దారి ఉంది. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవాళ్లు విదేశీ నంబర్‌తోనే యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాలకు అనుమతిచ్చింది. అందులో అమెరికా ఉంది. అయితే అన్ని బ్యాంకుల్లో, అన్ని యాప్‌లలో ఈ సౌకర్యం లేదు. మీ బ్యాంకును అడగండి, అమెరికా నంబర్ నమోదు చేయించండి. నంబర్ మార్పుకు కాగితాలు, సమయం పడతాయి. అవసరం వచ్చాక మొదలుపెడితే అందదు.

ఒకటి గుర్తుంచుకోండి. యూపీఐలో నడిచేది రూపాయలే. డాలర్లను ముందు ఖాతాలో వేసుకోవాలి. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్ ఇచ్చి విదేశాలకు పంపితే ఇక్కడ 1 శాతం పన్ను ఉంది. 500 డాలర్లకు 5 డాలర్లు. ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచో, డెబిట్ కార్డుతోనో పంపితే ఆ పన్ను లేదు. చేతికి నగదు జీతం వచ్చేవాళ్లు ముందు బ్యాంకులో వేసుకుని పంపండి.

"నాన్న ఫోన్లో యాప్ ఉందిలే" అంటారా? ఉంది. పెట్టిందీ మనమే, పిన్ పెట్టిందీ మనమే. వాడటం మాత్రం నేర్పలేదు. ఈ ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుని, ఆయన చేతే పది రూపాయలు కట్టించండి. విసుక్కోకండి. ఒక్క మాట పదిసార్లు చెప్పండి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టమని ఎవరైనా అడిగితే అది మన డబ్బు లాగడానికే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని గోడ మీద రాయించండి.

మన కష్టార్జితం అమ్మానాన్నల చేతికి అందాల్సింది అవసరమైన ఆ గంటలోనే. ఈ వారమే మీ పాత సిమ్ ఎక్కడుందో వెతకండి.